మోదుగను చూసిన నలుగురు

కాశీరాజు బ్రహ్మదత్తుడికి నలుగురు కొడుకులు. మోదుగ చెట్టు ఎలా ఉంటుందో చూడాలని నలుగురికీ ముచ్చట పుట్టింది. సారథిని పిలిచి చూపించమన్నారు. అతను సరేనన్నాడు గానీ నలుగురినీ ఒక్కసారే తీసుకుపోలేదు. చెట్టు ఆకంతా రాల్చి మొగ్గ తొడిగే వేళ పెద్దవాణ్ణి తీసుకుపోయి చూపించాడు. ఆకు చిక్కబడ్డాక రెండోవాణ్ణి, పూత మీద ఉండగా మూడోవాణ్ణి, కాయ పట్టాక నాలుగోవాణ్ణి. కొన్నాళ్ళకు నలుగురూ ఒకచోట కూర్చుంటే మోదుగ మాట వచ్చింది. కాలిన మోడులా ఉంటుందన్నాడు పెద్దవాడు. కాదు మర్రిలా ఉంటుందన్నాడు రెండోవాడు. మాంసం ముక్కలా అని మూడోవాడు, దిరిసెనలా అని నాలుగోవాడు. తగువు తండ్రి దగ్గరికి వెళ్ళింది. మీరు నలుగురూ చూసింది మోదుగనే, మిగతా కాలాల్లో అది ఎలా ఉంటుందని సారథిని ఒక్కరైనా అడిగారా అన్నాడు రాజు.

పాళీ జాతక కథల్లో ఇది 248వది. సంయుత్త నికాయంలో ఇదే పోలిక బుద్ధుడి నోట మరో సందర్భంలో వస్తుంది. దృష్టి నిర్మలం కావడం ఎలాగని ఒక భిక్షువు తోటివాళ్ళను అడుగుతూ తిరుగుతాడు. ఒకరు ఇంద్రియాల సంగతి చెబుతారు, ఒకరు పంచస్కంధాల సంగతి, ఇంకొకరు మహాభూతాల సంగతి. ఒకరి జవాబుకూ మరొకరి జవాబుకూ పొంతన కుదరక అతను బుద్ధుడి దగ్గరికి పోతే, మోదుగను ఎన్నడూ చూడని మనిషి మోదుగ గురించి వాకబు చేసినట్టుంది నీ పని అంటాడాయన. చెప్పినవాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరు చూసినప్పుడు ఎలా ఉందో అలా చెప్పారు.

దీన్ని గుడ్డివాళ్ళూ ఏనుగూ కథ పక్కన పెట్టి, రెండూ ఒకటేనని తేల్చేయడం మామూలు. నిజానికి ఈ కథ అంతకన్నా పదునైనది. ఏనుగును తడిమినవాళ్ళకు చూపు లేదు, దొరికింది ఒక్కొక్క అవయవం. రాజకుమారుల కళ్ళకు ఏ లోపమూ లేదు. చెట్టును మొదలు నుంచి చిటారు కొమ్మ దాకా చూశారు. అయినా చెట్టు పూర్తిగా కనబడలేదు. ఏడాది పొడవునా పరుచుకుని ఉన్న వస్తువును ఒక్కపూటలో చూసేశామనుకోవడమే వాళ్ళ పొరపాటు.

ఆ నాలుగు పోలికలూ ఏదో కవి ధోరణిలో చెప్పినవి అనిపిస్తాయి. దక్కన్ రాతినేలల్లో మోదుగను ఏడాది పాటు గమనించినవాళ్ళకు మాత్రం అది అచ్చంగా పంచాంగమే. పుష్య, మాఘ మాసాల్లో ఆకు రాలిపోతుంది. వంకర కొమ్మలు, గరుకు బెరడు, కొమ్మల చివర నల్లగా గుత్తులు కట్టిన మొగ్గలు. దూరం నుంచి చూస్తే అగ్గి తగిలి ఆరిపోయిన చెట్టనే అనుకుంటారు. ఆ నలుపు మొగ్గది కాదు, మొగ్గను పట్టుకుని ఉండే గిన్నెది. ముదురాకుపచ్చకూ గోధుమకూ మధ్య రంగులో మఖమల్లు గుడ్డలా ఉంటుంది. ఫాల్గుణంలో గిన్నె విచ్చుకుని నారింజ ఎరుపు రేకులు బయటికి వస్తాయి. ఒక రేకు వెనక్కి వంగుతుంది, రెండు పక్కలకు నిలుస్తాయి, మిగిలినవి కలిసి చిలుక ముక్కులా ఒంపు తిరుగుతాయి. రేకుల వెలుపల సన్నటి వెండి నూగు ఉంటుంది. అందుకే ఎండలో ఆ ఎరుపు కాస్త పొడి పూసినట్టు కనబడుతుంది. తెలంగాణ పల్లెల్లో హోళీకి ఉడికించి రంగు తీసేది ఈ పూలనే. పూత రాలాక పలచటి బల్లపరుపు కాయలు గుత్తులుగా వేలాడతాయి; ఎండితే గాలికి దిరిసెన కాయల్లాగే గలగలలాడతాయి. కాయంతా రెక్కలా ఉంటుంది, కొసన ఒకే ఒక గింజ. ఎండలు ముదిరే వేళకు కొత్త ఆకు వచ్చి వానాకాలానికి చెట్టు గొడుగులా కమ్ముకుంటుంది.

ఆ ఆకును తెలుగువాళ్ళకు పరిచయం చేయనక్కర్లేదు. ఒక తొడిమకు మూడు ఆకులు. నడిమిది వెడల్పుగా, కొసన గుండ్రంగా ఉంటుంది. పక్కవి రెండూ కాస్త ఒంటి పక్కకు ఒరిగి ఉంటాయి, ఈనెకు అటూ ఇటూ సమంగా ఉండవు. తోలులా దళసరి, వెనకవైపు బూడిదరంగు నూగు, ఉబ్బెత్తు ఈనెలు. పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేసేది ఈ దళసరితనం వల్లే. పెళ్ళి భోజనాలకు పేపరు ప్లేట్లు రాకముందు లక్షల మంది ఈ ఆకు వెనకా ముందూ చూసి, చిరుగు లేనిదే ఏరి వడ్డనకు వేసుకున్నవాళ్ళే. వాళ్ళలో చాలామంది మనవళ్ళు ఇప్పుడు హైదరాబాద్ శివార్ల మాదాపూర్, నానక్‌రాంగూడ అద్దాల మేడల్లో పనిచేస్తున్నారు.

ఆకూ పువ్వూ రెండూ చూశాక ఇక గుర్తు తప్పే పని లేదు అనిపిస్తుంది. కానీ అడవిలో మోదుగకు ఒక దాయాది ఉంది. బాడిద చెట్టు. దానికీ తొడిమకు మూడాకులే. అదీ ఆకు రాల్చి ఇంచుమించు అవే నెలల్లో ఎర్రగా పూస్తుంది. తేడా తెలియాలంటే దగ్గరికి వెళ్ళాలి. బాడిద కాండం మీద ముళ్ళుంటాయి, మోదుగకు ఉండవు. బాడిద ఆకు పలచగా, కొస దేలి ఉంటుంది. దాని కాయ గుండ్రంగా, గింజ గింజకూ నొక్కినట్టు ఉంటుంది. దూరం నుంచి బూరుగ కూడా కన్ను మోసం చేస్తుంది. అది కూడా మోడు మీదే ఎర్రగా పూస్తుంది గానీ దాని ఆకు అరచేతి వేళ్ళలా విడి ఉంటుంది.

ఈ పోలికలో పడినవాళ్ళలో పెద్దవాళ్ళూ ఉన్నారు. మొక్కను గుర్తుపట్టడానికి, ఉందా లేదా అని రెండేసి ప్రశ్నలు వేస్తూ ఒక్కొక్కదాన్ని తప్పించుకుంటూ పోయే పద్ధతిని 1770ల చివర తన ఫ్రాన్సు వృక్షాల గ్రంథంతో ప్రచారంలోకి తెచ్చిన లామార్క్, మోదుగకు శాస్త్రీయ నామం పెట్టినప్పుడు దాన్ని బాడిద ప్రజాతి ఎరిత్రినాలోనే చేర్చాడు. దాన్ని వేరు ప్రజాతిగా బొమ్మలతో సహా చూపించినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన తెలుగునేల మీదే, సామర్లకోటలో, తోట వేసుకుని ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1795లో మొదలైన ఆయన కోరమాండల్ తీర వృక్షాల గ్రంథంలో చెట్టు మోదుగా ఉంది, తీగ మోదుగా ఉంది. మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. పక్కన ఏడాదంతా ఆ చెట్టుతో మెలిగినవాళ్ళు ఉన్నారు మరి. జాతక కథలో రాజకుమారులు సారథిని అడగని ప్రశ్నను రాక్స్‌బర్గ్ సామర్లకోట జనాన్ని అడిగాడని అనుకోవచ్చు.

తీగ మోదుగ దగ్గర తర్కశాస్త్రానికే చిక్కు వస్తుంది. ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి దక్షిణాదిలో పుట్టినవాడని టిబెట్టు సంప్రదాయం చెబుతుంది. అనుమానం, అంటే తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని తేల్చడం, ఎలా పనిచేస్తుందో చూపడానికి ఆయన ఎత్తుకున్న ఉదాహరణ ఒక అడవి చెట్టు: ఇది చెట్టు, ఎందుకంటే ఇది శింశుప. సీతమ్మ కింద కూర్చున్నదని రామాయణం చెప్పే శింశుపే. శింశుప కావడంలోనే చెట్టు కావడం ఇమిడి ఉంది కాబట్టి ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే అని ఆయన వాదం. అదే వాక్యంలో శింశుపకు బదులు మోదుగ అని ఉంటే? నల్లమల అడవుల్లో తిరిగినవాడెవడైనా లేచి, మోదుగ తీగ కూడా అవుతుంది స్వామీ, ఆకూ పువ్వూ ఇలాగే ఉంటాయి అని ఉండేవాడు. ఉదాహరణకు ఏ చెట్టును ఎంచుకోవాలో తెలియడానికి కూడా అడవి తెలిసి ఉండాలి.

పువ్వు చెట్టుకు లక్షణమా కాదా అన్న ప్రశ్నకు వేదాంతుల దగ్గర సిద్ధంగా ఒక విభజన ఉంది. వస్తువు ఉన్నంతకాలం దాన్ని అంటిపెట్టుకుని ఉండి ఇతరమైన వాటి నుంచి వేరు చేసేది స్వరూప లక్షణం. కాసేపే ఉండి, అయినా వేరు చేసి చూపగలిగేది తటస్థ లక్షణం. దానికి పాత ఉదాహరణ దేవదత్తుడి ఇంటి మీద వాలిన కాకి. దేవదత్తుడి ఇల్లేదని అడిగితే, అదిగో కాకి వాలిందే, అదీ అంటారు. కాకి ఎగిరిపోయినా ఇల్లు తెలిసిపోయింది. ఫాల్గుణంలో నాలుగు వారాలు ఉండే మోదుగ పువ్వు అచ్చం అలాంటిదే. పువ్వు పోయి ఆకు మిగులుతుంది, ఆకే అసలు లక్షణం అందామా అంటే మాఘంలో అదీ ఉండదు. బెరడు అందామా, అలాంటి బెరడు పది చెట్లకు ఉంది. మోదుగలో వేలు పెట్టి చూపగలిగినదల్లా ఏదో ఒక నెలలో రాలిపోయేదే. అద్వైతి దీన్ని చూసి, రాలేవన్నీ పోగా నిలిచే చెట్టు ఒకటి ఉందంటాడు. బౌద్ధుడు, రాలడమూ చిగురించడమూ తప్ప వేరే చెట్టేదీ లేదంటాడు. వెయ్యేళ్ళ వాదం అది, ఇక్కడ తేలేది కాదు. ఇద్దరూ ఒప్పుకునే సంగతి ఒకటుంది: మాఘంలో మోడునూ శ్రావణంలో గొడుగునూ చూసి రెండూ మోదుగే అనగలిగేది రెండు కాలాల్లోనూ అక్కడ నిలబడ్డవాడే.

అలా నిలబడి చూసే చోట్లు హైదరాబాద్ పక్కనే ఉండేవి. 1998 నవంబరు 22న అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి ఆ చుట్టుపక్కల ఎక్కువగా ఉన్నవి బండరాళ్ళూ కంచలూ చెరువులే. కంచ అంటే పశువుల మేతకు వదిలిన నేల. ఆకురాల్చే ఎండు అడవి చెట్లు అక్కడక్కడ గుంపులుగా నిలిచిన నేల కూడా. ఇప్పుడు ఆ దారుల్లో రోజూ వెళ్ళేవాళ్ళకు కనబడే చెట్లు వేరు. మడగాస్కర్ గుల్‌మొహర్, అమెరికా ఖండం నుంచి వచ్చిన గులాబి టబూబియా, ప్రహరీ వెంట వరస కట్టిన నరమామిడి. ఈ నరమామిడినే అందరూ అశోకమంటారు. అసలు అశోకం వేరు. దానికి నారింజ రంగు పూలు గుత్తులుగా కాండానికే అంటుకుని పూస్తాయి. చెట్టు తెలియకపోతే ఫోనుంది కదా, ఆకు ఫొటో తీస్తే పేరు చెబుతుంది అంటారు ఇక్కడివాళ్ళు. చెబుతుంది, చాలాసార్లు సరిగ్గానే. ఫోనులోని ఆ యాప్ కూడా ఒక రకంగా క్రీ.శ. ఐదు, ఆరు శతాబ్దాల నాటి బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి దారిలోనే నడుస్తుంది: ఇది ఏమిటో తేల్చేది, ఇది ఏవేవి కాదో తేల్చుకుంటూ. కాకపోతే జనం ఫొటోలు తీసేది పూత మీద ఉన్నప్పుడు. జనవరి మోడును ముందు పెడితే అది కూడా పెద్ద రాజకుమారుడిలాగే మాట్లాడుతుంది.

పేరు తెలియకపోతే ఏం పోయింది అన్న ప్రశ్న సహజమే. దానికి జవాబు ఈ ప్రాంతంలో ఏటా భాద్రపద శుద్ధ చవితి నాడు కొండాపూర్ రోడ్డు పక్కనే దొరుకుతుంది. వినాయకుడి పూజకు 21 రకాల పత్రి కావాలి. మాచి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి అంటూ మొదలై జమ్మి, రావి, మద్ది, జిల్లేడుతో ముగిసే జాబితా. దుకాణంలో కట్ట కొంటారు. ఇంటికి వచ్చి పుస్తకంలో అర్జున పత్రం అని రాగానే కట్టలోంచి చేతికి అందిన ఆకు తీసి పెడతారు. అర్జునమంటే మద్ది. మద్ది ఆకును ఆకుగా గుర్తుపట్టడం నిజంగానే తేలిక కాదు. భాద్రపదంలో దానికి పువ్వు ఉండదు, అది పూసేది వేసవిలో. తొడిమ ఆకును కలిసే చోట రెండు చిన్న బొడిపెలు ఉన్నాయా అని తడిమి చూడాలి. నల్లమద్దికి కూడా బొడిపెలుంటాయి గానీ అవి ఆకు వెనక ఈనె మీద ఉంటాయి. చెట్టు ఎదురుగా ఉంటే బెరడే చెప్పేస్తుంది: అర్జునానికి నున్నగా తెల్లబారిన బెరడు, నల్లమద్దికి మొసలి వీపు. కట్టలో బెరడు రాదు.

ఈ 21 ఆకులూ మందు మొక్కలు, జనానికి వాటిని నేర్పడానికే పెద్దలు పూజ పెట్టారు అని ఈ మధ్య ప్రతి చవితికీ ఎవరో ఒకరు చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. పూజ విధిలో మాత్రం ఆ మాట లేదు. అక్కడ ఉన్నది దేవుడి పేరు, దాని వెనక ఆకు పేరు, అంతే.

మరి ఆకు మారితే పూజ చెడుతుందా? భక్తి పక్షం జవాబు సూటిగా ఉంటుంది. గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు ఆకైనా చాలన్నాడు, ఏ చెట్టు ఆకో చెప్పలేదు. పూజ చివర చదివే క్షమాపణలో మంత్రం లోపించినా క్రియ లోపించినా భక్తి లోపించినా మన్నించమని ఉంటుంది. ఆకు తప్పితే మన్నించమని విడిగా లేదు, అంటే దాన్ని అంత పట్టించుకోలేదనే అనుకోవచ్చు. ఈ జవాబులో ఔదార్యం ఉంది. దేవుడి వైపు నుంచి అది చాలు కూడా. కానీ దేవుడు తీసుకుంటాడన్న ధీమా మీద ఏదో ఒకటి పెట్టేయడానికీ, నా దగ్గర ఉన్నదిదే అని తెలిసి పెట్టడానికీ మధ్య తేడా ఒకటుంది. ఆ తేడాను పట్టుకున్నవాళ్ళు వేదంలోని యజ్ఞవిధులను విచారించిన మీమాంసకులు.

వాళ్ళ మూలగ్రంథమైన జైమిని సూత్రాల ఆరో అధ్యాయంలో ప్రతినిధి గురించి, అంటే ఒకదానికి బదులు పెట్టే వస్తువు గురించి, పెద్ద చర్చే ఉంది. యజ్ఞానికి చెప్పిన వడ్లు దొరక్కపోతే నీవార ధాన్యం వాడవచ్చు, అంటే తనంత తాను మొలిచే అడవి వడ్లు. కారణం, దానికి వడ్ల పోలిక ఉంది. పోలిక లేనిది పనికిరాదు. పోలిక ఉన్నా నిషేధించినది పనికిరాదు. అన్నిటికీ ప్రతినిధి ఉండదు కూడా: దేవత, అగ్ని, మంత్రం, క్రియ, ఈ నాలుగింటి బదులు వేరొకటి పెట్టకూడదు. ఇక ముఖ్యమైన షరతు, అసలుది దొరికితే అసలుదే వాడాలి. లేనందువల్లే ప్రతినిధికి చోటు వచ్చింది. సోమయాగంలో రసం పిండే సోమలతకు బదులు పూతీకమనే మొక్కను వాడవచ్చని వేదమే చెప్పింది. చివరికి సోమలత ఏదో పండితులు ఇవాళ్టికీ తేల్చుకోలేని స్థితి వచ్చింది. మొక్కను గుర్తుపట్టే నేర్పు ఒక తరంలో జారిపోతే ఏమవుతుందో దానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

లేనప్పుడు మాత్రమే బదులు. సరే, లేదని ఎవరు చెప్పాలి? ఇక్కడ అదే మీమాంసకుల మరో సిద్ధాంతం అడ్డం తిరుగుతుంది. కుమారిల భట్టు అనుయాయులు లేకపోవడాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అని ఒక ప్రమాణాన్నే విడిగా ఒప్పుకున్నారు. నేల మీద కుండ కనబడలేదు కాబట్టి కుండ లేదు. దానికీ షరతుంది. కుండ ఉంటే కనబడి తీరే పరిస్థితి ఉండాలి. చీకట్లో నిలబడి, కనబడలేదు కాబట్టి లేదు అంటే చెల్లదు. మద్దిని గుర్తుపట్టలేని మనిషి మద్ది దొరకలేదు అనడం చీకట్లో కుండ లేదనడం లాంటిదే. ఆఫీసు గేటు బయటే మద్ది ఉండవచ్చు. కాలువ గట్ల మీదా చెరువు ఒడ్డునా పెరిగే చెట్టే కదా అది. తెలియనివాడికి బదులు పెట్టుకునే అనుమతి ఇంకా రాలేదు. ముందు చెట్టు తెలియాలి, వెతకాలి, అప్పుడు దొరక్కపోతే చూద్దాం.

దసరాకు ఈ చిక్కు ఇంకా గట్టిగా తగులుతుంది. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం. విజయదశమి సాయంత్రం జమ్మి ఆకును బంగారమని ఇచ్చిపుచ్చుకుంటారు. మెక్సికో, దక్షిణ అమెరికాల నుంచి వచ్చి ఖాళీ జాగాలన్నీ ఆక్రమించిన సర్కారు తుమ్మ దానికి దగ్గరి చుట్టంలానే కనబడుతుంది. ఆకు రెండింటికీ సన్నగా ఈకల్లాగే ఉంటుంది. ముల్లు చూడాలి. సర్కారు తుమ్మకు కణుపు దగ్గర జతగా పొడవాటి ముళ్ళుంటాయి. జమ్మికి కణుపుల మధ్య, కొమ్మ పొడవునా, అడుగు వెడల్పుగా ఉన్న చిన్న ముళ్ళుంటాయి. పొరుగున మహారాష్ట్రలో బంగారంగా పంచేది ఆరె చెట్టు ఆకు, పశువు గిట్టలా రెండుగా చీలి ఉంటుంది. అది వాళ్ళ ఆచారం, తెలిసి ఎంచుకున్నది. ఏది ఏదో తెలియక సర్కారు తుమ్మ రెమ్మను జేబులో పెట్టుకుని అలాయ్ బలాయ్ ఇచ్చుకోవడం ఆచారం కిందికి రాదు.

ఇదంతా ఇంటి పూజల దగ్గర ఆగే సంగతైతే ఇంత చర్చ అక్కర్లేదు. 2025 మార్చి 30, ఉగాది రోజు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి పొక్లెయిన్లు దిగాయి. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఆ నేలను అభివృద్ధి చేసి వేలం వేయాలనుకుంది. రికార్డుల్లో అది అటవీ భూమి కాదని ప్రభుత్వం వాదించింది. అడవి కాక మరేమిటని విద్యార్థులూ పర్యావరణవాదులూ రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా కేసు చేపట్టి పనులన్నీ ఆపించింది. హైకోర్టు రిజిస్ట్రార్ అక్కడికి వెళ్ళి ఇచ్చిన నివేదిక ప్రకారం అప్పటికే దాదాపు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి.

వివాదంలో యాజమాన్యం ఉంది, రికార్డులున్నాయి, వేల కోట్ల విలువ ఉంది. అదంతా ఋతువు గురించిన తగువని ఎవరూ అనరు. అయినా ఆ నెలను గమనించకుండా ఉండలేం. మార్చి చివర దక్కన్ ఎండు అడవి ఎలా ఉంటుంది? మోదుగ పూత రాలుతూ ఉంటుంది. చాలా చెట్లకు ఆకుండదు. గడ్డి ఎండి పసుపుబారి ఉంటుంది. అడవి అంటే కేరళ పచ్చదనమే అనుకునే కంటికి అది పొదలు మొలిచిన బీడు. పెద్ద రాజకుమారుడి చూపు అదే. ఆగస్టులో అదే నేల రెండో రాజకుమారుడికి చూపించేది వేరు.

అడవి అంటే ఏమిటన్నది న్యాయస్థానం ఎప్పుడో ఎదుర్కొన్న ప్రశ్న. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు, యజమాని ఎవరైనా సరే, నిఘంటువు అర్థంలో అడవి అనదగినదంతా అటవీ సంరక్షణ చట్టం కిందికి వస్తుందని చెప్పింది. కాగితం మీద ఏ పేరుందో కాకుండా నేల మీద ఏముందో చూడమన్నట్టు. వేదాంతసారంలో సదానందుడు సమష్టినీ వ్యష్టినీ వివరించడానికి తెచ్చిన ఉదాహరణ కూడా ఇదే: చెట్లను కలిపి చూస్తే ఒక అడవి, విడివిడిగా చూస్తే అనేక చెట్లు. విడిగా ఒక్క చెట్టునూ గుర్తుపట్టకుండా కలిపి ఏదో ఒకటి తేల్చడం ఆయన చెప్పిన పద్ధతిలో కుదరదు. సర్కారు తుమ్మా సుబాబుల్ మాత్రమే ఉన్న నేలకూ, మోదుగ, రేల, జమ్మి కలిసి ఉన్న నేలకూ లెక్క ఒకటి కాదు. దూరం నుంచి రెండూ పొదలే.

ధర్మకీర్తి తన న్యాయబిందువులో లేకపోవడాన్ని నిరూపించే తీరుకు ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి మళ్ళీ శింశుప మీదే ఉంది. ఇక్కడ శింశుప లేదు, ఎందుకంటే చెట్టే లేదు. కొండ మీద చెట్లున్న భాగమూ, చెట్టన్నది లేని భాగమూ పక్కపక్కన ఉంటే రెండోదాని గురించి అనే మాట అది. బోడిగా ఉన్న నేల విషయంలో ఆ తర్కానికి తిరుగులేదు. చెట్లు నిలబడి ఉన్న నేలలో శింశుప లేదనాలంటే మాత్రం ఆ దారి పనికిరాదు, ఒక్కొక్క చెట్టు దగ్గరికీ వెళ్ళి చూడాల్సిందే.

నరికిన చెట్లకు బదులు మరోచోట మొక్కలు నాటడం ప్రభుత్వాలకు అలవాటే. మీమాంసకుల లెక్కలో అది ప్రతినిధి. పోలిక ఉన్నదే బదులు కావాలన్న వాళ్ళ మొదటి షరతును మనసులో పెట్టుకుంటే, మోదుగ పోయిన చోట టబూబియా నాటి సరిపెట్టడం కుదరదు. మోదుగ విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. దాన్ని నరికినంత మాత్రాన పోయిందనడానికి లేదు. మొదలు నుంచీ, నేలలో పాకిన వేళ్ళ నుంచీ పిలకలు వేయడం దాని స్వభావం. వానలు పడ్డాక అవి మూడేసి ఆకులతో పైకి వస్తాయి. వాటికి పూత రావడానికి ఏళ్ళు పడుతుంది, అందాకా ఆకు చూసే గుర్తుపట్టాలి. అంచేత ఇలాంటి నేలలో చెట్ల లెక్క రాయడానికి వెళ్ళేవాళ్ళు మార్చిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి వెళ్ళడం, విస్తరాకు కుట్టిన చేతులున్న పెద్దవాళ్ళనెవరినైనా ఆ పక్క ఊళ్ళ నుంచి వెంట తీసుకుపోవడం అవసరం.